కొమ్మ వంచిన చెయ్యి

అక్కా,

నువ్వు లేని మొదటి కాఫీ కోత ఇది. మొన్న పాడేరులో, కొత్తవాళ్లకు కోత నేర్పే కళ్లజోడొకటి చూపించారు. పెట్టుకుంటే కళ్ల ముందు తోట కనిపిస్తుంది. మన చేతులు ఎలా కదిలితే అందులో చేతులూ అలాగే కదులుతాయి. దాన్ని తయారుచేస్తున్న అమ్మాయి, నిజం చేతుల్లా ఉన్నాయో లేదో చెప్పమని నాకు తగిలించింది.

వేళ్లు ముడిచాను, చాపాను. అందులోని చిటికెన వేలు కూడా వెనకబడలేదు. చెయ్యెత్తి, పళ్లున్న కొమ్మను వంచి పట్టుకున్నాను.

"ఇక కొయ్యండమ్మా," అంది. నేను కదల్లేదు. కాసేపు చూసి, "చెయ్యి ఆగిపోయింది, ట్రాకింగ్ పోయినట్టుంది," అంటూ ల్యాప్‌టాప్ వైపు తిరిగింది.

"బాగానే ఉందమ్మా. కొమ్మొంచడమే నా పని. కొయ్యడం మా అక్క పని," అన్నాను.

పొడుగుదాన్నని ఇన్నేళ్లూ నేనే వంచేదాన్ని, నువ్వు కోసేదానివి. చెయ్యి లాగేస్తోందని నేను గొణిగితే, "కొమ్మ ఒగ్గేయకే గుంటా, ఇంకా కోత్తన్నాను," అనేదానివి.

ఆ అమ్మాయి నెమ్మదిగా కళ్లజోడు తీసింది. తోట పోయింది. చెయ్యి దించమని మాత్రం నాకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.