ప్లేట్లు దిగని మీటింగు

చి. ల. సౌ. వినోదకు, హుస్నాబాద్ నుంచి నీ పెనిమిటి పరశురాములు దీవించి రాస్తున్నది. ఇక్కడ అవ్వ, నేను, టెంట్ హౌస్ సామాను అంతా క్షేమం. నా తలకాయ ఒక్కటే క్షేమంగా లేదు. నువ్వు మస్కట్‌లో ఆ ఇంటి పిల్లలతో బాగున్నావని తలుస్తాను. ఫోన్‌లో చెబితే సగంలోనే తిట్టి పెట్టేస్తావు. అందుకే అక్కడే పనిచేసే మన ఊరి వెంకటేశ్ సెలవు అయిపోయి అటు వస్తుంటే, మామిడి తొక్కుతో పాటు ఈ ఉత్తరం చేతికిచ్చాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అవ్వ మోకాళ్లు బస్సులో సీటు కోసం కొట్లాడేంత బాగున్నాయి. మన గల్లీ ఖయ్యూం స్కూటరుకు షామియానా చుట్టింది నేను కాదు, గాలి. చిలిపి పనులు మానేశావా అన్నావు. దాని గురించే ఇంత ఉత్తరం.

మన ఆడవాళ్లకు బర్రెలకు, కుట్టుమిషన్లకు అప్పులిచ్చే సంస్థ తెలుసు కదా. లాభం కోసం పెట్టింది కాదని గోడ మీద రాసుకున్నారు. అప్పు తీసుకున్నవాళ్ల తరఫున నన్ను బోర్డులో కూర్చోబెట్టిన సంగతీ తెలుసు. అక్కడ ఒక ఆచారముంది. సంస్థను నడిపించే దేవదాస్ సారు తన జీతం పెంచే అంశాన్ని చివర్న పెట్టిస్తాడు. అప్పటికి పక్క గదిలో మటన్ ఉడికి వాసన గుప్పుమంటుంది. సారు అక్కడే కూర్చుని ఒక్కొక్కరి మొహం చూస్తుంటాడు. చైర్మన్ రాజయ్య సారు సమ్మతమేనా అంటాడు, చేతులు లేస్తాయి, ఆ చేతులే అటునుంచి అటే కడుక్కోవడానికి పోతాయి. ఏటేటా ఇదే. ఆడవాళ్లకు వడ్డీ తగ్గించమంటే మాత్రం సంస్థకు కష్టకాలమట. విసుగొచ్చింది వినోదా, మస్తు విసుగొచ్చింది.

మొన్నటి మీటింగుకు కూడా ప్లేట్లు, గంటెలు మనవే. నేను వాటిని ట్రాలీ ఆటోలోంచి దింపలేదు. సామాను పెట్టెకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వచ్చి కూర్చున్నాను. రాజయ్య సారు సమ్మతమేనా అనగానే లేచాను.

"సారు జీతం ముచ్చట తేలేదాక ప్లేట్లు దిగయి. ముందుగాల దేవదాస్ సారు జర బయట కూసుండాలె. ఆయన ముంగట ఆయన జీతం ఎట్ల మాట్లాడుదుము?"

దేవదాస్ సారు పట్నం బ్యాంకుల్లో ఆఫీసర్లకు ఎంతొస్తుందో చదివాడు. మనలాంటి సంస్థల్లో ఎంతిస్తున్నారో చెప్పమన్నాను. ఆ కాగితం ఆయన దగ్గర లేదు. అవతల మటన్ చల్లారుతోంది, రాజయ్య సారు కన్ను నా జేబు మీదే ఉంది. చివరికి దేవదాస్ సారు లేచి వరండాలోకి పోయాడు. పెంపు ఆపారు. మిగతా సంస్థల జీతాలు తెప్పించి, ఆయన లేకుండా చూసి తేల్చడానికి ముగ్గురితో కమిటీ వేశారు. అందులో నా పేరు కూడా అన్నారు. నేను మీసం దువ్వాను.

అప్పుడు గాజుల దుకాణం ఉమ్రావ్ బేగం, ఆమె కూడా బోర్డు మెంబరే, నెమ్మదిగా అడిగింది.

"సారు జీతం సంగతి సరే భాయ్, మరి నీ టెంట్ల సంగతేంది? సంస్థ సభలన్నిటికి సామాను నీదే. కిరాయికి సంతకం వెట్టేది గా సారే. రేపు నువ్వు ఆయన జీతం చూస్తవు, ఆయన నీ బిల్లు చూస్తడు. గిదేం హిసాబు?"

మీసం మీది చెయ్యి కిందికి దించాను. ఆ రోజు నువ్వుంటే పండుగ చేసుకునేదానివి.

ఇంతసేపు దాచింది ఇప్పుడు చెబుతున్నాను. సంస్థ కిరాయి పని వదులుకుంటున్నానని అక్కడే చెప్పేశాను. ఆ పని ఉంది కాబట్టే ఎండాకాలంలో నువ్వు వచ్చేసినా ఇల్లు నడుస్తుందనుకున్నాం. అది పోయింది. బేగం మీద కోపం రాలేదు, ముందే తట్టని నా బుర్ర మీద వచ్చింది. తర్వాత దేవదాస్ సారు ఇంటికే వచ్చి, ఆ కమిటీ వదిలేస్తే సామాను పని మళ్లీ నాదేనన్నాడు. చాయ్ ఇచ్చాను, చక్కెరకు బదులు ఉప్పు వేసి. ఒక్క గుక్కతో ఆయనకు జవాబు అందింది.

ఇంకో ఏడాది అక్కడే ఉంటానని మాత్రం రాయకు. పెండ్లిళ్ల పని ఉంది, కొంచెం ఇరుకుగా బతుకుదాం. ఎండాకాలమే రా. తిట్టేదంతా దాచుకుని వచ్చి, ఎదురుగా కూర్చుని తిట్టు. సంస్థకు పోయే ప్లేట్లన్నీ ఇప్పుడు ఇంట్లో ఖాళీగానే ఉన్నాయి, ఎన్ని విసిరినా ఏమీ అనను.

ఇట్లు,
నీ రాక కోసం చూసే పెనిమిటి,
పరశురాములు