టోపీ ఎగిరిపోయిన చోట

లిసినక్కా, మా సరంగు పిచ్చోడేం కాదు. నిన్న బూత్‌లో చిల్లరైపోయి ఫోన్ తెగింది గానీ, లేకపోతే అప్పుడే చెప్పేవాణ్ణి. గాలి లేస్తే అందరూ ఒడ్డుకొస్తారు, మీవాడేంటి పడవ తీస్తాడు అన్నావు. కొమ్ముకోనాం చేప పైకి తేలేదే అలలు లేచినప్పుడు, మరేం చెయ్యమంటావ్?

మొన్నేం జరిగిందో విను. ఇక్కడ సముద్రంలో నల్లనీళ్ల ప్రవాహం ఉత్తరానికి పోతుంది. చలికాలం గాలేమో ఉత్తరం నుంచే దానికి ఎదురొస్తుంది. ఆ రెండూ ఢీకొన్న చోట అలలు మన ఇంటి కప్పంత ఎత్తు లేచాయి. నేను చేపని పొడిచే బల్లెం పట్టుకుని పడవ ముక్కు మీద నిలబడి అమ్మని తలుచుకుంటున్నా. మా సరంగు కోలాస్ మామ నా మొహం చూసి పడవని ఒడ్డు వైపు తిప్పాడు. నీళ్లు నలుపు పోయి పచ్చబడ్డాయో లేదో, అలలు నడుమెత్తుకి దిగిపోయాయి. "గాలి పడిపోయింది మామా!" అని అరిచి వానకోటు ముసుగు తీసేశా. అంతే, అమ్మ అల్లిన టోపీ ఎగిరిపోయింది!

మామ పడీ పడీ నవ్వాడు. "గాలెక్కడికీ పోలేదురా నామో! మనమే ప్రవాహంలోంచి బయటికొచ్చాం. భయమేస్తే చెప్పు, మళ్లీ ఇటే తిప్పుతా."

అమ్మకి ఈ ముక్క చదివి వినిపించు. ఆదివారం బావని పంపు, నువ్వన్నట్టు నన్ను ఇంటికి లాక్కెళ్లడానికి కాదు, బంకబియ్యం, కొత్త టోపీ ఇచ్చి పంపు. ఈసారి గడ్డం కింద కట్టుకునే తాళ్లు పెట్టమను. కోతలయ్యాయా? పాపకి పళ్లొచ్చాయా? అదిగో, ఉత్తరం గాలి లేచింది, మామ కేకేస్తున్నాడు, వెళ్లాలి.