రెండో తాళం

శుక్రవారం, అరోరా, అమెరికా

ఇవాళ బావ ముఖం చూడాల్సింది! కడుపు మంట పూర్తిగా చల్లారలేదు గానీ, సగం చల్లారింది.

అక్క విడాకుల కేసులో, పోయిన వాయిదాకి బావ లాయర్ జడ్జితో ఏమన్నాడు? "ఆమెకు డ్రైవింగే రాదు, పాపను స్కూల్‌కి ఎవరు తీసుకెళ్తారు?" అన్నాడు. అందుకని పాప బావ దగ్గరే ఉండాలట! అక్క నేర్చుకుంటానన్నప్పుడల్లా "నేనున్నాగా, నీకెందుకు?" అని కారు తాళాలు దాచిందెవరు? కోర్టులో ఉచితంగా ఇచ్చే కరపత్రాలన్నీ చదివాను. పిల్లల మేలే ముఖ్యమని ప్రతి పేజీలో ఉంది. తాళాలు దాచిన మొగుడి గురించి ఒక్క ముక్క లేదు. ఆ కోపంతోనే అక్కకు డ్రైవింగ్ నేర్పాను. నిన్న లైసెన్స్ వచ్చింది.

సాయంత్రం బావ దగ్గర్నుంచి పాపను తెచ్చుకోవడానికి గుడి పార్కింగ్‌కి అక్కే తన కారు నడుపుకుంటూ వచ్చింది, నేను పక్క సీట్లో. "బావ కారును కాస్త గీకెయ్ అక్కా" అన్నాను.

"నోర్ముయ్‌రా."

పాప పరుగెత్తుకొచ్చి, "అమ్మా, నువ్వే డ్రైవ్ చేశావా!" అంది. బావ అక్కను చూడకుండా నాతో, "పాప ఉంది, జాగ్రత్తగా నడపమను" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అక్క కారు అద్దం దించి చెయ్యి చాపింది.

"ఈ కారు రెండో తాళం మీ దగ్గరే ఉండిపోయింది. ఇచ్చేయండి."

గుడికొచ్చిన ఆంటీలందరూ చూస్తుండగా ఇచ్చాడు.

సోమవారం మళ్లీ వాయిదా. ఆ లాయర్ ఇంకేం వెతుకుతాడో... జడ్జి పాపను అటే ఇచ్చేస్తే?

కోర్టుకూ అక్కే నడుపుతుంది. బావ కారు పక్కనే ఆపిస్తాను.