పరగడుపు మందు

పటమట హాస్టల్,
జులై 6

ప్రియమైన అమ్మమ్మకి,

నేను బాగానే ఉన్నాను. ఇది అబద్ధం. ఉత్తరంలో మొదటి మాట అలా రాయాలని నువ్వే నేర్పావు కాబట్టి రాశాను.

మొన్న హాస్టల్లో అందరికీ బ్లడ్ టెస్ట్ చేశారు. నాకు హిమోగ్లోబిన్ ఏడు పాయింట్ ఎనిమిది వచ్చింది. నర్స్ మేడమ్ నా కంటి రెప్ప కిందికి లాగి చూసి, "ఏమ్మా, నువ్వు మనిషివా, సున్నం కొట్టిన గోడవా" అంది. మెట్లెక్కితే కళ్ళు తిరుగుతున్నాయి. నాకు చాలా భయంగా ఉంది. టాబ్లెట్లు ఇచ్చారు. నవంబర్‌లో మళ్ళీ టెస్ట్. అప్పటికి పది దాటకపోతే ఇంటికి ఫోన్ చేస్తారట.

మమ్మీకి తెలిస్తే అంతే సంగతులు. "ఆకుకూర వడ్డిస్తే పళ్ళెం అంచుకి నెట్టేదానివి, నీకు హాస్టల్ కావాల్సొచ్చిందా" అని పెట్టె సర్దించి కంకిపాడు తీసుకుపోతుంది. రోజూ బస్సులో కాలేజీకి తిప్పుతుంది. స్కూల్లో పదేళ్ళు ఒక్కదాన్నే కూర్చుని లంచ్ తిన్నాను అమ్మమ్మా. ఇక్కడ పక్క మంచం జెస్సికా మొదటిరోజే తన పచ్చడి సీసా నా వైపు జరిపింది. నేను ఇక్కణ్ణించి వెళ్ళను.

నువ్వు ఆకులూ గింజలూ ఇచ్చి ఊరందర్నీ బాగుచేస్తావు కదా. నాకూ ఏదైనా పంపు. ఫోన్లో మాత్రం చెప్పకు. ఇక్కడ ఆదివారం ఫోన్ వార్డెన్ టేబుల్ మీదే, స్పీకర్ ఆన్ చేసి మాట్లాడాలి.

నీ
శాంభవి

తా.క. చదివి చింపెయ్యి. తప్పులు ఎర్ర ఇంకుతో దిద్ది వెనక్కి పంపకు. నువ్వు తెలుగు టీచరుగా రిటైరై ఎనిమిదేళ్ళయింది.

తా.క. 2. పార్శిల్ మీద "బుక్స్" అని రాయి.


ఉయ్యూరు,
జులై 12

చిరంజీవి శాంభవికి అమ్మమ్మ దీవెనలు.

ఇక్కడ నేను క్షేమం అని రాయబోయి ఆగాను, నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి క్షేమంగా లేను. భయపడకు. ఆడపిల్లలకి రక్తం తగ్గడం కొత్త కాదు, తగ్గింది పెరగకపోదు.

బస్సు పార్శిల్‌లో పంపుతున్నాను. పెద్ద సీసాలో మునగాకు పొడి, నీడన ఎండబెట్టి కొట్టింది. చిన్న సీసాలో కరివేపాకు పొడి, ధనియాలూ జీలకర్రా వేశాను, అన్నంలో మొదటి ముద్దకి. డబ్బాలో బెల్లం నువ్వుండలు, సాయంత్రం పూట ఒకటి. అన్నిటికన్నా ముఖ్యం మునగాకు. చెంచాడు పొడి గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, నిమ్మకాయ పిండి, రోజూ పరగడుపున పడాలి. పరగడుపున పడితేనే గుణం. ఒక్కరోజు కూడా తప్పకూడదు.

మీ అమ్మకి చెప్పను.

ఆశీస్సులతో
జ్ఞానప్రసూనాంబ

తా.క. "బుక్స్" అని అబద్ధం రాయడానికి నాకు చెయ్యి రాలేదు. అందుకని అడుగున నిజంగానే నా నిఘంటువు పెట్టాను. మీ తెలుగు లెక్చరర్‌కి చూపించు, సంతోషిస్తారు.


పటమట హాస్టల్,
ఆగస్టు 10

ప్రియమైన అమ్మమ్మకి,

పార్శిల్ అందింది. వార్డెన్ వాసన చూసి, "ఏం బుక్స్ అమ్మా ఇవి, పోపు వేసినట్టున్నారు" అంది గానీ ఇచ్చేసింది.

నువ్వు చెప్పినట్టే రోజూ పరగడుపున పడుతోంది. ఒక్కరోజు తప్పలేదు. మొదటి వారం నరకం. గడ్డి వాసనని ఒకటే గొడవ, ముక్కు మూసి పట్టించాల్సి వచ్చేది. నువ్వుండ ఆశ చూపిస్తే గానీ గ్లాసు ఖాళీ అయ్యేది కాదు. ఇప్పుడు అలవాటైపోయింది.

కానీ నాకేం తేడా తెలియడం లేదు. నిన్న ప్రేయర్‌లో మళ్ళీ కళ్ళు తిరిగి కూర్చుండిపోయాను. జెస్సికా మాత్రం రెండేసి మెట్లు ఎక్కుతోంది. ఈ పద్ధతి కాస్త వింతగానే అనిపించింది, పెద్దదానివి నీకు తెలీదా అని అడగలేదు.

నీ
శాంభవి

తా.క. నిఘంటువు చాలా యూజ్ అవుతోంది. కిటికీ గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టాం.


ఉయ్యూరు,
ఆగస్టు 16

చిరంజీవి శాంభవికి అమ్మమ్మ దీవెనలు, కొంచెం కలతతో.

నెల బట్టి పడుతున్నా గుణం లేదంటే మోతాదు చాలడం లేదు. మునగాకు నీళ్ళతో పాటు మెంతినీళ్ళు కూడా మొదలుపెట్టు. మెంతులు పంపుతున్నాను, ముందురోజు నానెయ్యాలి. రెండు గ్లాసులూ పరగడుపునే పడాలి. నువ్వుండలు మళ్ళీ చేశాను.

ఆశీస్సులతో
అమ్మమ్మ

తా.క. ముక్కు మూసి పట్టించింది ఆ జెస్సికాయేనా? బంగారుతల్లి. ఆ పిల్లకి నా దీవెనలు చెప్పు.


పటమట హాస్టల్,
ఆగస్టు 30

ప్రియమైన అమ్మమ్మకి,

నీ దీవెనలు చెప్పాను గానీ, జెస్సికా రెండో గ్లాసు తాగనంది. "నీ రక్తం కోసం నా కడుపొక్కటే దొరికిందా నీకు" అంది. అదీ న్యాయమే. అందుకని మెంతినీళ్ళకి ఎదురు మంచం సుస్మితని అడిగాను. ఆవిడ గ్లాసుకి రెండు నువ్వుండలు అంది. డబ్బా అయిపోయింది. నేను ఒక్కటి కూడా తినలేదు.

ఇప్పుడు నాకో డౌట్. మందు రోజూ వాళ్ళిద్దరి కడుపుల్లో పడుతోంది కదా, అది నా ఒంట్లోకి ఎప్పుడొస్తుంది? మధ్యలో ఏదైనా మంత్రం చదవాలా? లేకపోతే వాళ్ళు నా ఫ్రెండ్స్ కాబట్టి సరిగ్గా "పర" కింద రారా? పడనివాళ్ళకి ఇవ్వాలంటే చెప్పు, వార్డెన్‌కి ఇస్తాను.

నీ
శాంభవి

తా.క. టాబ్లెట్లు వేసుకోవడం లేదు. కడుపులో మంటగా ఉంటోంది. దిండు కవర్లో దాచాను. ఎలాగూ నీ మందు ఉందిగా.


ఉయ్యూరు,
సెప్టెంబరు 5

శాంభవీ,

దీవెనలు చివర్లో రాస్తాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమైంది. మూడోసారి గోడకి ఆనుకుని చదివాను.

ఆ కిటికీ దగ్గర్నుంచి నిఘంటువు తీసి "ప" తెరువు. పరగడుపు అంటే పరుల కడుపు కాదు. పొద్దున లేచి ఇంకా ఏమీ తినని కడుపు. ఎవరిది? నీది.

ఇవాళ ఉపాధ్యాయ దినోత్సవం. ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు చెప్పానని పొద్దున పాత విద్యార్థులు వచ్చి శాలువా కప్పారు. పదకొండింటికి పోస్టులో నీ ఉత్తరం వచ్చింది. శాలువా తీసి మడతపెట్టేశాను.

నవ్వులాట కాని మాట ఒకటి. ఆకైనా గింజైనా డాక్టరిచ్చిన మాత్రకి తోడు, దానికి బదులు కాదు. ఇవాళే నర్సు దగ్గరికి వెళ్ళి మంట సంగతి చెప్పు, వేరే మాత్ర ఇస్తుంది. టీతో మింగకు. భయమేస్తే నాకు రాయి, దిండులో దాచకు.

దీవెనలు.
అమ్మమ్మ

తా.క. మీ తెలుగు లెక్చరర్ పేరూ అడ్రసూ పంపు. ఆయనతో నాలుగు మాటలు మాట్లాడాలి.

తా.క. 2. వార్డెన్‌కి ఇవ్వకు.


పటమట హాస్టల్,
నవంబరు 9

ప్రియమైన అమ్మమ్మకి,

నువ్వు కోప్పడే విషయం ముందే రాసేస్తాను. మాకు తెలుగు లెక్చరర్ లేరు. మార్కులు బాగా వస్తాయని సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకున్నాను. నీకు చెప్పడానికి భయమేసింది. "పర" అంటే ఇతరులు అని ఆ క్లాసులోనే చెప్పారు. అందులో నాకు నూటికి తొంభై ఆరు.

నీ ఉత్తరం చదివి వినిపిస్తే జెస్సికా దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ మర్నాటి నుంచి తనూ సుస్మితా కలిసి నా ముక్కు మూస్తున్నారు, వాళ్ళ గ్లాసులు మాత్రం మానలేదు. నర్స్ మేడమ్ మాత్ర మార్చింది, రోజూ వేసుకుంటున్నాను.

గురువారం టెస్ట్ అయింది. పది పాయింట్ నాలుగు. హమ్మయ్య, ఇంటికి ఫోన్ వెళ్ళదు అనుకున్నాను.

వెళ్ళింది. జెస్సికాకి పదమూడున్నర, సుస్మితకి పదమూడు పాయింట్ రెండు వచ్చాయి. హాస్టల్ మొత్తానికి ఫస్టూ సెకండూ. ఏం తింటున్నారమ్మా అని అడిగితే ఇద్దరూ ఒకేసారి "శాంభవి మందు మేడమ్" అన్నారు. ప్రిన్సిపాల్ గారు నన్ను మెచ్చుకుందామని మమ్మీకి ఫోన్ చేశారు. "మీ అమ్మాయిది ఎంత మంచి మనసండీ, తనకి ఏడున్నా తన మందు స్నేహితులకి పోసింది" అన్నారు.

సాయంత్రానికల్లా మమ్మీ వచ్చేసింది. మంచం మీద కూర్చుని నా కంటి రెప్ప కిందికి లాగి చూసింది. తిట్టినా బావుండేది. నీ ఉత్తరాలు చేతిలో పెట్టాను. చదువుతుంటే భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. తర్వాత నిజంగానే ఏడ్చింది.

"నాకెందుకు చెప్పలేదే" అంది.

"తీసుకుపోతావని."

అప్పుడు జెస్సికా లేచి, "ఆంటీ, శాంభవి వెళ్ళిపోతే మా గ్లాసులు ఎవరు కలుపుతారండీ" అంది.

మమ్మీ వంగి మంచం కింద నుంచి నా పెట్టె లాగింది. నా పని అయిపోయిందనుకున్నాను. పెట్టె తెరిచి, నా బట్టలు సగం తీసి పక్కన పడేసి, ఆ చోట్లో తను తెచ్చిన సీసాలు సర్దింది. అవిసె గింజల పొడి, నువ్వుల పొడి, గోంగూర పచ్చడి. ఆఖరి బస్సుకి ఒక్కతే వెళ్ళిపోయింది.

నేను ఇక్కడే ఉన్నాను అమ్మమ్మా.

ఇట్లు, నిజంగానే బాగున్న
శాంభవి

తా.క. దాచినందుకు మమ్మీకి నీ మీదే ఎక్కువ కోపంగా ఉంది. ఆదివారం ఉయ్యూరు వస్తోంది. "ఊరందరికీ పొడులు కొట్టే మనిషి, తను తింటోందో లేదో ఎవరైనా చూశారా" అని నీకూ బ్లడ్ టెస్ట్ చేయిస్తానంటోంది. ఎంత వచ్చినా భయపడకు. నాకు రాయి. నేనెవరికీ చెప్పను.