'చేరినం'లో సున్నా

ఆదివారం, రాత్రి

అమీర్‌పేటలో బస్సు కదిలిపోతున్నా పరిగెత్తని మనిషి, స్విట్జర్లాండ్‌లో కొండ శిఖరం దాకా పరిగెత్తాడట. మా ఆయన ఆఫీసు ఆన్‌సైట్ పని మీద అక్కడికెళ్ళి వచ్చి వారమైంది, ఇంట్లో ఇదే కథ. ఈ సాయంత్రం వాళ్ళ ఆఫీసు రఫీ గారు వస్తే ఈయన మళ్ళీ మొదలుపెట్టారు.

"ఒక్కన్నే ఉరికిన భాయ్. మస్తు నిటారుగుంటది. ఆఖర్ల రాళ్ళు పట్టుకొని పాక్కుంట పోయిన. పైకి చేరినం, ఏం గాలి అనుకున్నవ్."

టీ కప్పు నా చేతిలోనే ఉండిపోయింది. ఉరికిన, పోయిన, ఆ తర్వాత చేరినం. మాది భీమవరమే కావచ్చు, ఈ భాష పెళ్ళయ్యాక నేర్చుకున్నదే కావచ్చు. కానీ చివర ఆ సున్నా వచ్చిందంటే 'నేను' కాదు, 'మేము' అని నాకు తెలుసు.

రఫీ గారు వెళ్ళాక, కప్పులు కడుగుతూ మామూలుగానే అడిగాను.

"పైకి ఎవరెవరు చేరారండీ?"

"ఎవరెవరేంది? చెప్పిన గద. నేనొక్కన్నే చేరిన."

మాటలో తప్పేమీ లేదు. కానీ 'చేరిన' దగ్గర ఒక్క క్షణం ఆగి, సున్నా రాకుండా చూసుకుని పలికారు. ఆ కొండ మీద కూడా అంత జాగ్రత్తగా అడుగు వేసి ఉండరు.