తెడ్డు ఎవరికీ ఇవ్వని మనిషి

నోయిడా,
బుధవారం.

ప్రియమైన ఉషకి,

ఇదంతా ఫోనులో చెప్పవచ్చు. కానీ నా గొంతు కాస్త వణికితే చాలు, "పోనీలెండి" అని నువ్వు మధ్యలోనే క్షమించేస్తావు. ఈసారి చివరిదాకా వినాలి. అందుకే నువ్వు మీ హైదరాబాదు ఆఫీసు పనిమీద ఉన్నప్పుడే కాగితం మీద పెడుతున్నాను.

నువ్వు కథ రాసిన 'రేవు' వీడియో గేమ్‌ను సిరీస్‌గా మలిచే పని నాకిచ్చినరోజు మా ఆఫీసు నడిపే ప్రీతి అన్న మాటలు నీకు పూర్తిగా చెప్పలేదు. "రఘు సర్, థియేటర్లు ఖాళీ. ఓటీటీ వాళ్ళు కొత్త కథంటే ఫోనే ఎత్తడం లేదు. ఈ గేమ్ ఆడేవాళ్ళు కోట్లమంది. అందులో పదోవంతు చూసినా మన ఆఫీసు బతుకుతుంది. పైగా రాసింది మీ మిసెస్ కదా!" ఆ చివరి మాట ముల్లులా గుచ్చుకుంది. ఇరవై రెండేళ్ళుగా రాస్తున్నవాణ్ణి. నా చివరి సినిమా శుక్రవారం వచ్చి మంగళవారం వెళ్ళిపోయింది. నువ్వేమో, మన సాత్విక బడికి వెళ్ళాక తోచక ఆటల కంపెనీలో చేరినదానివి. ఒకరోజు మెట్రోలో ఇద్దరు కాలేజీ పిల్లలు, నీ ఆటలో పడవ నడిపే సరంగు ముసలమ్మ వరదలో ఎవరిని ఎక్కించుకోవాలా అని పోట్లాడుకుంటున్నారు. నేను రాసిన ఒక్క మాట గురించి ఎవరూ అలా పోట్లాడుకోగా వినలేదు. అది రాసింది నా భార్య అని వాళ్ళకు చెప్పలేదు. చెప్పబుద్ధి కాలేదు.

ఇక అసలు సంగతి. ఆటలో పడవలో చోటు ఆరుగురికే. ఎవరిని ఎక్కించాలో ఆడేవాళ్ళు తేల్చుకుంటారు. తెరమీద అది రచయితే తేల్చాలి. ఎలా తేల్చినా ఆడినవాళ్ళలో సగంమంది మండిపడతారు. ఆ చిక్కు దగ్గర నెలన్నర తల బద్దలుకొట్టుకున్నాను. ప్రీతికి ఇవ్వమని నువ్వు నాకు పంపిన నోట్‌లో దాన్ని ఒక్క పేజీలో విప్పేశావు. ఎవరిని ఎక్కించుకుందన్నది కథ కాదు, వదిలేసినవాళ్ళ ఇళ్ళకు మర్నాడు ముసలమ్మ ఒక్కర్తీ వెళ్ళడం కథ అన్నావు. మూడుసార్లు చదివాను, ఉషా, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. ప్రీతితో నోట్ ఇంకా రాలేదని చెప్పాను.

తర్వాత నా సొంతంగా ఒక మిలిటరీ ఆఫీసరును తెచ్చి, ముసలమ్మ చేతిలోని తెడ్డు వాడికిచ్చాను. ఆట ఆడే ఇరవైమందిని పిలిచి మొదటి ఎపిసోడ్ చదివి వినిపించిన రోజు నువ్వూ ఉన్నావు. వెనక వరసలో ఒకమ్మాయి లేచి, "సర్, వో అమ్మా అప్నా చప్పూ కిసీ కో నహీ దేతీ" అంది. ఆవిడ తెడ్డు ఎవరికీ ఇవ్వదట. ఆ పిల్లకు తెలిసింది నాకు తెలియక కాదు. ప్రీతి నీవైపు తిరిగి, "ఉషా జీ, నోట్ ఇస్తానన్నారుగా?" అంది. నువ్వు ఒక్క క్షణం నా మొహం చూశావు. "పూర్తిచేయలేకపోయానండీ" అన్నావు.

నాలుగు రోజుల్లో సిరీస్ ఆగిపోయింది. నీ ఆట తెరకెక్కకుండా చేసింది నా కుళ్ళే. రేపు ప్రీతికి అంతా చెప్పేస్తాను. నీకు ముందు చెప్పాలని ఇది.

నీ ముందు నిలబడలేని,
రఘునందన్.

*

హైదరాబాదు,
సోమవారం.

మీకు,

ఉత్తరం ఆఫీసు క్యాంటీన్‌లో చదివాను. టీ చల్లారిపోయింది.

సిరీస్ ఆపింది మీరు కాదు. ఓటీటీ వాళ్ళు గేమ్ కథలన్నీ పక్కన పెడుతున్నారని, మీరు చదివి వినిపించడానికి మూడు రోజుల ముందే మా కంపెనీకి కబురొచ్చింది. మీ ఆఫీసుకు అప్పటికింకా తెలియదు. నా నోట్ ప్రీతి చేతిలో ఉన్నా అది ఆగేదే. మీరు దాచారనీ నాకు తెలుసు, ఎందుకంటే ముందురోజే ప్రీతి ఫోన్ చేసి నోట్ ఏదని అడిగింది. ఇస్తానని మాత్రం అన్నాను. అన్నీ తెలిసి మిమ్మల్ని ఆ గదిలోకి వెళ్ళనిచ్చాను. ఆ పిల్లలు మిమ్మల్ని ఏమంటారో నా చెవులతో వినాలనిపించింది.

మీ మొదటి సినిమాకు ఢిల్లీ కరోల్‌బాగ్‌లో మన తెలుగువాళ్ళు సన్మానం చేశారు. శాలువా, దండలు పట్టుకుని నేను వెనక నిలబడ్డాను. ఆ సినిమాలో తల్లి పాత్ర పలికే మాటలు మన వంటింట్లో నేను అన్నవి. వాటికే చప్పట్లు పడ్డాయి. మీరు ఒక్కసారి వెనక్కి తిరుగుతారేమోనని చూశాను. తిరగలేదు. పదిహేడేళ్ళయింది. మీకు నామీద ఏడాదిగా ఉన్న కుళ్ళే నాకు మీమీద అప్పటినుంచీ ఉంది. అందుకని, ఆరోజు నేను అబద్ధమాడింది మిమ్మల్ని కాపాడటానికని అనుకోకండి. జన్మంతా నా ముందు తలవంచుకు తిరుగుతారని ఆడాను. మీ ఉత్తరం చదివాక అది గెలుపులా అనిపించలేదు.

ఇందాక ప్రీతికి ఫోన్ చేశాను. మీరు చెప్పేశారట. నోట్ ఎప్పుడో పూర్తిచేశాననీ, అందరిముందూ అబద్ధమాడాననీ నేనూ చెప్పాను. ఆవిడ, "ఆప్ దోనోఁ ఘర్ మే బాత్ నహీ కర్తే క్యా?" అంది. మనిద్దరం ఇంట్లో మాట్లాడుకోమా అని. నాకు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మళ్ళీ ఎప్పుడైనా ఎవరైనా 'రేవు'ను తెరకడిగితే నేనే రాస్తాను. మీకివ్వను. కోపంతో కాదు, అది నాకు చేతనైన పని. మీరు నా మాటలు కలవని కథ ఒకటి రాయండి. మొదట చదివేది నేనే. బాగుంటే కుళ్ళుకుంటాను, మీ మొహంమీదే చెబుతాను.

శనివారం పొద్దున రైలు దిగుతాను. సాత్వికను తీసుకుని స్టేషనుకు రండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ఊరుకోండి. నేనే మొదలుపెడతాను.

ఉష.