పద్నాలుగో పాటకు రెండు మార్కులు

డిసెంబరు 6, శనివారం

ఈ ఏడాది పాటలన్నీ పనికిమాలినవి. ముందే రాసి పెడుతున్నాను. తర్వాత నన్ను ఎవరూ ఏమీ అనకూడదు.

నా టాప్ టెన్‌కు వేళయింది. నా వయసువాళ్ళు సాయంత్రమైతే సహస్రనామాలు చదువుకుంటారు. నేను ఆ ఏడు వచ్చిన పాప్ పాటలకు ర్యాంకులు వేస్తాను. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన చెయ్యి ఇది, మార్కులు వేయకపోతే దురద పెడుతుంది. తెలుగు, కన్నడ, తమిళం, హిందీ, ఒక్క ముక్క అర్థం కాని పంజాబీ, ఏదైనా సరే. ముప్పై ఒకటో తారీఖు సాయంత్రం అందరినీ హాల్లో కూర్చోబెట్టి పదో పాట నుంచి ఒకటో పాట దాకా వినిపిస్తాను. పాట నడుస్తుండగా నోరు విప్పినవాళ్ళు బాల్కనీలోకి పోవాలి. మా అబ్బాయి రాఘవేంద్ర ఒక ఏడాది సగం పాటలు అక్కడి నుంచే విన్నాడు.

పాటలు ఏరి తెచ్చేది మనవరాలు సహన. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. ఫోను బోర్లా పెట్టి నంబరు మాత్రం చెబుతుంది. పాడింది ఎవరో, ఎంతమంది విన్నారో చెప్పదు. ఈ రూలు దానిదే. నాకు ఇష్టమైన గాయకుడి పేరు చూసి ఒక చచ్చు పాటకు ఎనిమిది వేశానని ఒకసారి పట్టేసింది. అప్పటినుంచి బ్లైండ్ అంటే బ్లైండే అవ్వా అంటుంది. నాకూ నచ్చింది. పరీక్ష పేపర్ల మీద పేర్లు ఉండకూడదని స్టాఫ్‌రూమ్‌లో అరిచినదాన్ని నేనే.

అసలు మజా మార్కుల్లో లేదు. తర్వాత జరిగే పోట్లాటలో ఉంది. నేను ఆరు వేస్తే అది ఎనిమిది అంటుంది. పులుసు మాడిపోయేదాకా వాదిస్తుంది. ఆ నోరు ఎక్కడి నుంచి వచ్చిందో ఈ ఇంట్లో అందరికీ తెలుసు.

డిసెంబరు 7, ఉదయం

వాషింగ్ మెషీను పని అయ్యాక కూత పెట్టడం మానేసింది. రిపేరుకు వచ్చినవాడు ఏదో పీకేసి ఉంటాడు. తడిబట్టలు అందులోనే ఉండి ముక్కిపోతున్నాయి. కోడలు మునిలక్ష్మి మాత్రం, అది కూస్తానే ఉండాది అత్తా, నువ్వే వంటింట్లో ఉండి వినలేదు అంటుంది. నాకు ఎదురు చెప్పడం దానికి కాఫీ లాంటిది. పొద్దున్నే ఒక డోసు పడాలి.

డిసెంబరు 9

మొదటి రౌండు. పద్నాలుగు పాటలు విన్నాం. ఒక్కడికీ నోరు తిరగదు. మాటలన్నీ మింగేస్తున్నారు. పాటకు మాటలు రాసినవాడు ఇది వింటే కేసు పెట్టాలి.

ఐదో నంబరు ఒక్కటే పాట. మగ గొంతు, కింది స్థాయి, డ్రమ్ములు. గుండెల్లో సోఫా జరిపినట్టుంది. తొమ్మిది వేశాను.

పద్నాలుగో నంబరు ఎవరో ఆడపిల్ల. నోట్లో ముద్ద పెట్టుకుని, పైన దుప్పటి కప్పుకుని పాడినట్టుంది. వెనక తీగలు ఉన్నట్టూ ఉన్నాయి, లేనట్టూ ఉన్నాయి. ఈ పిల్లను పాడమని ప్రోత్సహించినవాళ్ళెవరో దానికి శత్రువులు అన్నాను. రెండు మార్కులు. ఒకటి చేతిరాతకు, ఒకటి హాజరుకు.

డిసెంబరు 10

సహన నిన్న ఒక్క మార్కుకు కూడా వాదించలేదు.

డిసెంబరు 13, శనివారం

ఇంకో పది పాటలు. చిరాకు పెరుగుతోంది. పాటల మీద సగం, సహన మీద సగం.

మూడు వేస్తే సరే అవ్వా అంది. దాన్నే ఏడు చేస్తే సరే అవ్వా అంది. కావాలని ఒక దిక్కుమాలిన పాటకు తొమ్మిది వేసి చూశాను. నీ ఇష్టం అవ్వా అంది. నీ ఇష్టమట! నా ఇష్టం నాకు తెలియక దీన్ని కూర్చోబెట్టుకున్నానా? హోటల్లో సర్వరు లాగా మర్యాద చేస్తోంది.

ప్రతి శనివారం టీమ్ ఔటింగ్ అని పోయేది. ఈరోజు గది తలుపు వేసుకుని పడుకుంది. ఔటింగ్ లేదా అంటే, ఇంక ఉండదు అంది.

డిసెంబరు 15, ఉదయం 11

లిఫ్ట్‌లో అమరనాథ్ తగిలాడు. మూడో అంతస్తు, బ్యాంకులో రిటైరయ్యాడు. నన్ను భజన బృందంలో చేర్చాలని ఆయన పట్టుదల. ఈరోజు భజన ఊసు లేదు. ఏం టీచరమ్మా, మీ సహన పాట విన్నాము, శానా బాగుండాది, మా ఇంట్లో పొద్దుగూకులూ అదే పెట్టుకోనుండారు అన్నాడు. మా సహన ఏంటి, పాట ఏంటి అన్నాను. అయ్యో, మీకు తెలియకుండా ఉంటుందా అని, మూడో అంతస్తు నుంచి కింది దాకా పాడి వినిపించాడు. శ్రుతి లేదు, తాళం లేదు. అయినా వరస పట్టుకున్నాను.

పద్నాలుగో నంబరు.

డిసెంబరు 15, సాయంత్రం

మునిలక్ష్మిని వంటింట్లో నిలదీశాను. అందరికీ తెలుసట. ఔటింగ్ లేదు గాడిదగుడ్డూ లేదు. శనివారాలు ఊరవతల జిగణిలో ఎవరిదో గోడౌన్‌లో బ్యాండ్ ప్రాక్టీసు. పాట రాసింది సహనే, పాడిందీ సహనే. నాకు చెప్పకూడదని ఇంట్లో అందరి దగ్గరా మాట తీసుకునిందట. ఎందుకయ్యా అంటే, మేమంతా బాగుండాది అంటే అది నమ్మదు అత్తా, పేరు తెలీకుండా అవ్వ వేసే మార్కే నిజమైన మార్కు అనింది, నువ్వు వేసినావు కదా అంది. గరిటె కింద పెట్టలేదు, నా వైపు చూడలేదు. జనవరిలో ఎక్కడో ప్రోగ్రామ్ ఉంటే, నేను రాను, వేరే అమ్మాయిని చూసుకోండి అని బ్యాండువాళ్ళకు చెప్పేసిందట. అది కాలక్షేపానికి వాయిస్తుందని నేననుకున్న గిటారు బీరువా మీదికి ఎక్కేసింది.

నేను తప్పు మార్కు వేయలేదు. నాకు వినపడినదానికి వేశాను. ఆ మాటే అన్నాను. అప్పుడు మునిలక్ష్మి ఇటు తిరిగి, ఇరవై నాలుగేండ్లుగా అవ్వా అవ్వా అని పిలిచే గొంతు అత్తా, నీకెట్లా తెలీలేదు అంది.

జవాబు లేని ప్రశ్నలు అడిగే హక్కు ఈ ఇంట్లో నాకొక్కదానికే ఉండేది.

డిసెంబరు 16

వాషింగ్ మెషీను ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తిరగడం ఆగింది. ఎర్రలైటు ఆరింది. కూత లేదు. పక్కన మునిలక్ష్మి, అదిగో కూస్తాండాది అత్తా అంది.

డిసెంబరు 18

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినిపిస్తే బటన్ నొక్కమన్నారు. చాలాసేపు ఖాళీగా కూర్చున్నాను. మిషన్ చెడిపోయిందేమో అనుకున్నాను. చెడిపోయింది మిషన్ కాదు.

గ్రాఫ్ చేతికిచ్చారు. టెస్టు చేసిన అమ్మాయి వివరించబోయింది. గ్రాఫులు నాకు నేర్పుతావా తల్లీ అన్నాను. గీత ఎడమ చివర బాగానే ఉంది, కుడివైపుకు పోయేకొద్దీ కొండ మీద నుంచి జారినట్టు జారిపోయింది. లోతు శబ్దాలు ఉన్నాయి. సన్నవి పోయాయి. సకారాలు, తకారాలు, తీగల మొనలు, ఆడపిల్లల గొంతుల్లో ఆ గొంతు ఎవరిదో చెప్పే భాగం.

అంటే దేశంలో గాయకులందరూ ఒకే ఏడాదిలో మాటలు మింగడం మొదలుపెట్టలేదన్నమాట.

ఈ డైరీలో డిసెంబరు ఆరో తారీఖు పేజీ తీసి చూశాను. కొట్టేయలేదు. ఉండనీ.

డిసెంబరు 21, ఆదివారం

ట్రయల్‌కు మిషన్లు ఇచ్చారు, చెవికొకటి. నరకం. ప్లాస్టిక్ కవరు విప్పితే పిడుగు పడినట్టుంది. మునిలక్ష్మి గాజులు ఇంత వాగుతాయని తెలియదు. మారతహళ్ళి సిగ్నల్ మొత్తం మా హాల్లోకి వచ్చి కూర్చుంది.

పద్నాలుగో నంబరు పక్కన పెట్టి, మిగతా పాటలన్నీ మళ్ళీ మొదటి నుంచి విన్నాను. ఐదో నంబరులో మొదటి నుంచి చివరిదాకా తలుపు కీలు అరిచినట్టు ఒక సన్నటి కూత ఉంది. తొమ్మిది వేసిన పాట! నాలుగుకు దించాను.

పద్నాలుగు మళ్ళీ పెట్టమని సహనను అడిగాను. చెవుల సంగతీ, అమరనాథ్ లిఫ్ట్‌లో పాడిన సంగతీ అంతకుముందే చెప్పాను. పాపం అవ్వా అని నా చెయ్యి నిమిరింది. అది నన్ను నిమరడం నాకు అసలు నచ్చలేదు. పాట మాత్రం పెట్టలేదు. వద్దులే అవ్వా, ఇప్పుడు నీకు తెలిసిపోయింది, ఇంక అది బ్లైండ్ కాదు, ఎన్ని వేసినా మనవరాలి మార్కే అంది.

నిజమే. స్టాఫ్‌రూమ్‌లో నేను అరిచిన మాటే. నా మాటకు నేనే జవాబు చెప్పుకోలేకపోవడం ఎంత ఒళ్ళుమంటగా ఉంటుందో ఆ రోజుల్లో నాతో వాదించినవాళ్ళను అడగాలి.

డిసెంబరు 22

మునిలక్ష్మి సలహా: ఒకటో నంబరు పెట్టేయి అత్తా, నీదేం పోతుంది, పిల్ల నవ్వుతుంది.

నవ్వుతుంది. థాంక్స్ అవ్వా అంటుంది. గిటారు బీరువా మీదే ఉంటుంది. నేను అబద్ధం చెప్పేటప్పుడు నా మొహం ఎలా ఉంటుందో ఆ పిల్లకు తెలుసు. అయినా మధ్యాహ్నమంతా ఆలోచించాను. పెట్టేద్దామనే అనుకున్నాను.

డిసెంబరు 26

మునిలక్ష్మి నా ఫోనులో పద్నాలుగు వెతికి పెట్టి, బజారుకు పోయింది. ఇంట్లో ఎవరూ లేరు.

పాటలో రింగ్ రోడ్డు మీద వానలో బస్సు ఆగిపోయింది. అందులో ఒక అమ్మాయి తన స్టాపు వచ్చినా దిగకూడదని నిర్ణయించుకుంటుంది. అంతే కథ. సగం తెలుగు, సగం కన్నడ, మా ఇంట్లో మాట్లాడుకున్నట్టే. గొంతు దానిదే. కింద గేటు దగ్గర నుంచి నన్ను పిలిచేటప్పుడు పదం చివర చిన్న జీర వస్తుంది. అది ఉంది. దుప్పటి లేదు, ముద్ద లేదు.

నేను ఏడవలేదు. ఇది కూడా రాసి పెడుతున్నాను.

మళ్ళీ పెట్టాను. ఈసారి ఎర్ర పెన్ను పట్టుకున్నాను. రెండో చరణం తరుముతున్నట్టు పరుగెత్తింది. పల్లవి ఒకసారి ఎక్కువైంది. చివర్లో ఊఁ ఊఁ అని లాగింది, అంటే మాటలు దొరకలేదు. కానీ మధ్యలో వాద్యాలన్నీ ఆగిపోయి గొంతు ఒక్కటే ఒక వాక్యం పాడుతుంది. అలాంటి వాక్యం ఈ ఏడాది ఇంకెవరి దగ్గరా లేదు. మిగతా పాటలన్నిటినీ ఒక్కొక్కటిగా దీని పక్కన పెట్టి తూచాను. సాయంత్రం దాకా పట్టింది.

ఒకటో నంబరు కాదు. ఆ ఊసు కొట్టేశాను.

డిసెంబరు 31, సాయంత్రం

అందరూ హాల్లో. పదో పాట, తొమ్మిది, ఎనిమిది. సహన ఫోను చూసుకుంటూ ఓ మూల కూర్చుంది. ఏడో నంబరు అని పద్నాలుగో పాట పెట్టాను.

మునిలక్ష్మి నా వైపు గుడ్లు ఉరిమి చూసింది. రాఘవేంద్ర నోరు తెరవబోయాడు. బాల్కనీ వైపు చూశాను, మూసుకున్నాడు. పాట అయ్యాక తప్పులు చదివాను. చరణం, పల్లవి, ఊఁ ఊఁలు, ఒక్కటీ వదలలేదు. ఆ ఒక్క వాక్యం గురించి చివర్లో చెప్పాను. సహన తల ఎత్తలేదు.

ఆరో నంబరు పెట్టాను. రూలు రూలే. అది సగంలో ఉండగా సహన లేచింది.

ఏడా అవ్వా, ఏడా? ఈ ఆరో పాట పాడిన ఆయప్ప గొంతంతా కంప్యూటర్‌లో కుట్టించుకున్నాడు, వాడు నా పైనా? రెండో చరణం పరుగెత్తక ఏం చేస్తుంది, అక్కడ బస్సు కదిలింది కదా, నీకు లిరిక్ అర్థమయిందా అసలు? పల్లవి ఎక్కువైంది అంటావే, పోయినేడు నువ్వు ఫస్టు పెట్టిన పాటలో పల్లవి ఎన్నిసార్లు వచ్చింది, చెప్పు, లెక్కల టీచరువి కదా!

పాట నడుస్తుండగా మాట్లాడావు, బాల్కనీలోకి పో అన్నాను. పోను అంది. చిత్రాన్నం చల్లారిపోయింది. మిగతా ర్యాంకులు ఎవరూ సరిగా వినలేదు.

జనవరి 1

గిటారు భుజానేసుకుని జిగణికి పోతూ, లిఫ్ట్ తలుపుకు కాలు అడ్డం పెట్టి మరీ వాదించింది. కనీసం ఆరో నంబరు ఇవ్వాలట.

చెవుల మిషన్లు తీసి డబ్బాలో పెట్టాను.

ఏడే.